చీటీ చింపే మందు, దాన్ని మోసే మరుగుజ్జు మూట
(పెద్ద తరగతుల పిల్లలకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ)

తెలుగు బడి సంచికలో క్యాన్సర్ గురించి వ్యాసం ఏమిటని కొందరు అనుకోవచ్చు. కారణం ఉంది. శని ఆదివారాల్లో ఇండియా నుంచి వచ్చే ఫోన్లలో పెళ్ళి కబుర్లతో పాటు ఇలాంటి కబుర్లు కూడా ఉంటాయి: పెద్దనాన్నకు కడుపులో గడ్డ ఉందన్నారు, మేనత్తకు బయాప్సీ చేశారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న కూడా దాదాపు ఒకటే. "అక్కడ ఏదో నానో మందు కనిపెట్టారట కదా, క్యాన్సర్ జన్యువునే ఆపేస్తుందట. మనవాళ్ళకి దొరుకుతుందేమో కాస్త కనుక్కోరా!" ఫోను పెట్టేశాక ఇంట్లో పిల్లలు అడుగుతారు, "నాన్నా, నానో అంటే ఏంటి?" అని. అటు పెద్దవాళ్ళకూ ఇటు పిల్లలకూ సరైన జవాబు చెప్పాలంటే ముందు మనకు తెలియాలి.

ఒక మాట మొదటే చెప్పేస్తాను. ఆ ఫోనులో అడిగింది వట్టి పుకారు కాదు, అలాగని పూర్తిగా నిజమూ కాదు. జన్యువు నోరు మూయించే మందు తయారుచేయడం మనిషికి వచ్చేసింది. దాన్ని కణితి దాకా మోసుకెళ్ళి, కణితిలోని కణం లోపల దింపడం మాత్రం ఇంకా పూర్తిగా చేతకాలేదు. ఆ మోసుకెళ్ళే పనికే నానో మూటలు కావాలి.

పెళ్ళి వంటశాలలో చీటీలు

పిల్లలూ, ఒక పెద్ద పెళ్ళి వంటశాలను ఊహించుకోండి. లోపలి గదిలో బీరువా, బీరువాలో లావుపాటి వంటల పుస్తకం. ఆ పుస్తకాన్ని ఎవరూ బయటికి తీయకూడదు. ఏదైనా వంటకం కావాలంటే ఒకాయన లోపలికి వెళ్ళి, ఆ ఒక్క వంటకం తీరు మాత్రం చిన్న చీటీ మీద రాసుకొచ్చి వంటవాడి చేతిలో పెడతాడు. వంటవాడు చీటీ చూసి వండుతాడు.

మన ఒంట్లో ప్రతి కణమూ అలాంటి వంటశాలే. బీరువాలోని పుస్తకం డిఎన్‌ఏ. అందులో ఒక్కొక్క వంటకం ఒక్కొక్క జన్యువు. చీటీ పేరు ఆర్‌ఎన్‌ఏ. తయారైన వంటకం ప్రొటీన్. మనిషి పుస్తకంలో ప్రొటీన్ల వంటకాలు సుమారు 20,000 ఉన్నాయి. అన్ని కణాల్లోనూ పుస్తకం ఒకటే, కాని కంటి కణం తనకు కావలసిన పేజీలే తెరుస్తుంది, కాలేయ కణం తన పేజీలు తెరుస్తుంది.

పుస్తకంలో ఒక పేజీలో అక్షరాలు తారుమారయ్యాయి అనుకోండి. "చాలు అనగానే ఆపు" అని ఉండవలసిన చోట "ఆపకు" అని పడింది. వంటవాడు ఎవరూ అడగకపోయినా లడ్డూలు చేస్తూనే ఉంటాడు. వంటశాల నిండిపోతుంది, వాకిలి నిండుతుంది, పక్కింటి గోడ కూడా కూలుతుంది. క్యాన్సర్ అంటే ఇంచుమించు ఇదే. పెరగడం ఆపవలసిన కణం ఆపకుండా పెరిగిపోతూ కణితి అవుతుంది.

దీన్ని ఎలా ఆపాలి? ఇప్పుడున్న మందుల్లో చాలావరకు తయారైన ప్రొటీన్ పనిని అడ్డుకుంటాయి, లేదా కణాన్నే చంపుతాయి. ఇంకో దారి ఉంది. చీటీ వంటవాడి చేతికి అందేలోపు చింపేస్తే? పుస్తకం అలాగే ఉంటుంది, వంటవాడూ ఉంటాడు, ఆ వంటకం మాత్రం తయారు కాదు. శాస్త్రజ్ఞులు దీన్నే జన్యువును మూగబోయేలా చేయడం అంటారు.

తెల్లబోయిన పువ్వులు

చీటీలు చింపే పద్ధతిని మనిషి కొత్తగా కనిపెట్టలేదు. చెట్లలో, పురుగుల్లో, మనలో అది ముందు నుంచీ ఉంది. మన కంటపడటానికి మాత్రం చాలాకాలం పట్టింది.

కాలిఫోర్నియాలో రిచర్డ్ జోర్గెన్సన్, ఆయనతో పనిచేసినవాళ్ళు పెటూనియా పువ్వులకు ఊదారంగు ఇంకాస్త ముదురుగా రావాలని, రంగు తయారుచేసే జన్యువును మరొకటి మొక్కలో చేర్చారు. రంగు ముదరడం మాట అటుంచి, కొన్ని పువ్వులు తెల్లగా పూశాయి, కొన్ని చారలు చారలుగా పూశాయి. పువ్వులూ తెల్లబోయాయి, శాస్త్రజ్ఞులూ తెల్లబోయారు. 1990లో ఈ సంగతి అచ్చయింది. కొత్తగా వచ్చిన జన్యువు, పాత జన్యువు రెండూ కలిసి మూగబోయాయన్నమాట. ఎందుకో అప్పటికి ఎవరికీ తెలియలేదు.

జవాబు 1998లో ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగు దగ్గర దొరికింది. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో ఆ పురుగులోకి రెండు పేటల ఆర్‌ఎన్‌ఏని ఎక్కించారు. అందులోని అక్షరాలు పురుగు కండరాలకు కావలసిన ఒక జన్యువుతో సరిపోయేవి. ఆ జన్యువు లేని పురుగులు ఎలా వణుకుతాయో ఈ పురుగులు కూడా అలాగే వణికాయి. ఒంటిపేట ఆర్‌ఎన్‌ఏ ఇస్తే పెద్దగా ఏమీ కాలేదు. రెండు పేటలుంటేనే చీటీ చిరిగింది. ఇది ఎంత ముఖ్యమైన సంగతంటే, ఎనిమిదేళ్ళకే, 2006లో, వాళ్ళిద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

2001లో జర్మనీలో థామస్ టుష్ల్ బృందం మరో మెట్టు ఎక్కింది. సుమారు 21 అక్షరాల పొడవున్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క చాలు, మనిషి కణాల్లో కూడా చీటీ చిరుగుతుందని చూపించింది.

ఇది జరిగే తీరు చూడండి. ఆర్‌ఎన్‌ఏ భాషలో అక్షరాలు నాలుగే: ఎ, యు, జి, సి. ఎ పక్కన యు చేరుతుంది, జి పక్కన సి చేరుతుంది. వేరే జతలు సరిగా అతకవు. మనం పంపిన రెండు పేటల ముక్కను కణంలోని ఒక ప్రొటీన్ యంత్రం పట్టుకుంటుంది. ఒక పేటను పారేసి, రెండో పేటను నమూనాగా చేతిలో పెట్టుకుంటుంది. ఇక కణంలో తిరిగే చీటీలను ఒక్కొక్కటే ఆ నమూనాతో పోల్చి చూస్తుంది. అక్షరాలు జతపడ్డ చీటీ దొరికితే కత్తెరతో కత్తిరించినట్టు కత్తిరిస్తుంది. ఒకటి కత్తిరించాక అదే నమూనాతో ఇంకొకటి, ఆ తరువాత ఇంకొకటి. అందుకే మందు కొంచెమే లోపలికి చేరినా చాలా పని చేస్తుంది.

నాలుగు అక్షరాలతో 21 అక్షరాల మాటలు ఎన్ని రాయవచ్చో లెక్క వేస్తే సుమారు 4 లక్షల 40 వేల కోట్లు వస్తాయి. కాబట్టి కావలసిన చీటీకి మాత్రమే సరిపోయే మాటను ఎంచుకోవడం సాధ్యమే. అయితే సగం సగం జతపడిన వేరే చీటీలు కూడా ఒక్కోసారి దెబ్బతింటాయి. అందుకని ఆ మాటను చాలా జాగ్రత్తగా ఎంచుకోవాలి.

సుబ్బారావుగారి మందు నుంచి ఇక్కడి దాకా

క్యాన్సర్ మందుల చరిత్రలో మొదటి పేజీల్లోనే ఒక తెలుగువాడి పేరు ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వచ్చి, లెడర్లీ కంపెనీలో పరిశోధనలు నడిపించారు. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిలాగే కనిపించి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందు అక్కడే తయారయింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇస్తే, కొంతకాలం పాటైనా జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. సుబ్బారావుగారు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు ఈనాటికీ వాడుతున్నారు.

ఇలాంటి మందులు ఎన్నో ప్రాణాలు కాపాడాయి. కాని వాటి దెబ్బ త్వరగా పెరిగే కణాలన్నిటి మీదా పడుతుంది. జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముకల మూలుగ కూడా త్వరగా పెరిగే కణాలే. కీమోథెరపీ తీసుకునేవాళ్ళకు జుట్టు రాలడం, నోరు పూయడం, రక్తకణాలు తగ్గడం అందుకే.

చీటీ చింపే మందు మీద అంత ఆశ ఎందుకంటే, అది జన్యువు అక్షరాలను చదివి పనిచేస్తుంది. కెరాస్ అనే జన్యువునే తీసుకోండి. క్లోమంలో వచ్చే క్యాన్సర్లలో పదింట తొమ్మిదింటిలో అది చెడి ఉంటుంది. దాని ప్రొటీన్ నున్నటి గోలీకాయ లాంటిది. మందు అణువు పట్టుకుని వేలాడటానికి గుంట సరిగ్గా దొరకదు. ఏళ్ళ తరబడి కష్టపడ్డాక, దానిలో ఒక రకం మార్పు మీద పనిచేసే మొదటి మందుకు 2021లో గాని అమెరికాలో ఆమోదం రాలేదు. చీటీ చింపే మందుకు గుంటతో పని లేదు. అక్షరాలు తెలిస్తే చాలు, కాగితం మీద మందు రాసెయ్యవచ్చు.

మరి ఇన్నేళ్ళయినా ఆ మందు మన ఆసుపత్రుల్లో కణితులకు ఎందుకు వాడటం లేదు?

మందు ఉంది, దారి లేదు

ఆ చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను ఊరికే రక్తంలోకి ఎక్కిస్తే నాలుగు గండాలు ఎదురవుతాయి.

మొదటిది, రక్తంలో ఆర్‌ఎన్‌ఏని కొరికి ముక్కలు చేసే ఎంజైములు ఉంటాయి. రెండోది, ఆ ముక్క మరీ చిన్నది కావడం వల్ల మూత్రపిండాలు నిమిషాల్లో వడగట్టి బయటికి పంపేస్తాయి. మూడోది, కణం గోడ కొవ్వుతో చేసింది. ఆర్‌ఎన్‌ఏకి రుణావేశం ఉంటుంది. నూనె రాసిన గుమ్మం మీద నీటిబొట్టు జారిపోయినట్టు అది బయటే ఆగిపోతుంది. నాలుగోది, మన రోగనిరోధక వ్యవస్థ బయటి ఆర్‌ఎన్‌ఏని చూస్తే వైరస్ వచ్చిందేమోనని హడావుడి చేస్తుంది.

ఇండియా నుంచి ఆవకాయ తెచ్చుకునేవాళ్ళకు ఈ కష్టం వెంటనే అర్థమవుతుంది. ఆవకాయ పెట్టడం అమ్మమ్మకు వచ్చు. కాని జాడీని అలాగే సూట్‌కేసులో పెడితే ఏమవుతుంది? అందుకే మూత బిగించి, కవరు మీద కవరు చుట్టి, టేపు వేసి, పాత తువ్వాలులో చుట్టి, చీరల మధ్య పెడతారు. దారిలో కారకూడదు. తనిఖీలో ఆగిపోకూడదు. ఇంటికి వచ్చాక మాత్రం తేలిగ్గా తెరుచుకోవాలి. మరీ గట్టిగా చుట్టి, ఇక్కడ తెరవలేకపోతే అంత దూరం తెచ్చీ లాభం లేదు. దారిలో విప్పుకోకూడదు, చేరాక విప్పుకోవాలి. నానో మూట చేసేవాళ్ళ తలనొప్పి కూడా ఇదే.

నానో అంటే మరుగుజ్జు

నానో అన్న మాటకు గ్రీకు భాషలో మరుగుజ్జు అని అర్థం. 2008లో టాటావారు చూపించిన చిట్టి కారుకు ఆ పేరు పెట్టింది అందుకే. మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే ఒక్క భాగం నానోమీటరు. మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నుంచి 1,00,000 నానోమీటర్లు. మందు మోసే మూటలు చాలావరకు 100 నానోమీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. మూటను ఆవగింజంత అనుకుంటే, కణం కొబ్బరికాయంత.

ఈ కొలత ఊరికే ఎంచుకున్నది కాదు. మరీ చిన్నదైతే మూత్రపిండాలు వడగట్టేస్తాయి. మరీ పెద్దదైతే కాలేయం, ప్లీహం పట్టుకుంటాయి. రెండిటికీ మధ్యన ఉండాలి.

మూటను కొవ్వు అణువులతో చేయవచ్చు, పాలిమర్లతో చేయవచ్చు, బంగారంతో కూడా చేయవచ్చు. ధనావేశం ఉన్న కొవ్వు అణువులు రుణావేశం ఉన్న ఆర్‌ఎన్‌ఏని చక్కగా చుట్టుకుంటాయి. హైదరాబాద్‌లోని ఐఐసిటి అనే రసాయన సాంకేతిక సంస్థలో ఇలాంటి కొవ్వు అణువుల మీద పరిశోధనలు జరిగాయి. మూట పైన నీటికి ఇష్టమైన పాలిమర్ పూత పూస్తారు. దానివల్ల రక్తంలోని ప్రొటీన్లు వెంటనే అంటుకోవు. కొన్నిటికి చిరునామా చీటీ కూడా తగిలిస్తారు. ఉదాహరణకు, త్వరగా పెరిగే క్యాన్సర్ కణాలకు ఇనుము ఎక్కువ కావాలి. అందుకని ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకునే కొక్కేలు వాటి గోడ మీద ఎక్కువ ఉంటాయి. మూటకు ట్రాన్స్‌ఫెరిన్ తగిలిస్తే ఆ కొక్కేలకు చిక్కుకుంటుంది.

మూడు అడుగులు

మరుగుజ్జు అంటే మనకు వామనుడు గుర్తుకు వస్తాడు, వామనుడు అనగానే మూడు అడుగులు. ఈ మరుగుజ్జు మూట కూడా మూడు అడుగులు వేయాలి.

మొదటి అడుగు, రక్తంలో చెక్కుచెదరకుండా తిరగడం. పూతలు, కొలతలు సరిచూసుకోవడం వల్ల ఈ అడుగు ఇప్పుడు బాగానే పడుతోంది.

రెండో అడుగు, రక్తనాళం దాటి కణితిలోకి వెళ్ళడం. కణితి తన రక్తనాళాలను హడావుడిగా కట్టుకుంటుంది, వాటి గోడల్లో కంతలు ఉంటాయి. 1986లో జపాన్‌కు చెందిన మత్సుమురా, మయేదా పెద్ద అణువులు ఇలాంటి కణితుల్లోకి కారి అక్కడే నిలిచిపోతాయని చూపించారు. ఇక పని సులువే అనుకున్నారు చాలామంది. కాని 2016లో టొరంటో విశ్వవిద్యాలయం బృందం అంతకు ముందు పదేళ్ళలో అచ్చయిన ప్రయోగాల లెక్కలన్నీ కూర్చి చూసింది. జంతువులకు ఎక్కించిన నానో మూటల్లో కణితిని చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. అంటే 1,000 మూటలు పంపితే 7 చేరాయి. తక్కినవాటిలో చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం లాంటి అవయవాలు పట్టేసుకుంటాయి. 2020లో అదే బృందం ఇంకో సంగతి చెప్పింది: చేరిన మూటలు కూడా ఎక్కువగా కంతల్లోంచి వెళ్ళలేదు, రక్తనాళాల గోడ కణాలే వాటిని మింగి అవతలికి చేరవేశాయి. ముప్పై ఏళ్ళు నమ్మిన దారి అసలు దారి కాదేమో అన్నమాట.

మూడో అడుగు ఎక్కడ పెట్టాలి అన్నదే వామనుడి కథలో పెద్ద ప్రశ్న. ఇక్కడా అంతే. కణం మూటను మింగేటప్పుడు ఒక తిత్తిలో పెట్టి మింగుతుంది. ఆ తిత్తిలో క్రమంగా పులుపు పెరుగుతుంది. చివరికి లోపలున్నదంతా అరిగిపోతుంది. మందు అంతకు ముందే తిత్తి చీల్చుకుని బయటపడాలి, ఎందుకంటే చీటీలు తిరిగేది తిత్తి బయట. దీనికి రసాయన శాస్త్రజ్ఞులు మంచి ఉపాయం పన్నారు. రక్తంలో ఉన్నంతసేపూ ఏ ఆవేశమూ లేకుండా నెమ్మదిగా ఉండి, పులుపు తగలగానే ధనావేశం తెచ్చుకునే కొవ్వు అణువులను తయారుచేశారు. అవి తిత్తి గోడను అతుక్కుని చీలుస్తాయి. అయినా 2013లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం కొవ్వు మూటల్లో వెళ్ళిన మందులో 1 నుంచి 2 శాతం మాత్రమే తిత్తి దాటి బయటపడింది.

చివరి దాకా చేరే మందు ఎంత కొంచెమో చూశారు కదా. ఒక్కొక్క నమూనా ఎన్నో చీటీలు చింపగలదు కాబట్టే ఇంకా ఆశ ఉంది.

మనుషుల్లో ఏం జరిగింది?

కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో మార్క్ డేవిస్ అనే కెమికల్ ఇంజనీరు ఉన్నారు. మొదట్లో ఆయన పనికి మందులతో సంబంధం లేదు. 1990ల్లో ఆయన భార్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. కీమోథెరపీతో ఆమె పడిన బాధ చూశాక ఆయన ఇటు తిరిగారు. పిండిపదార్థం నుంచి వచ్చే సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర వలయాలతో సుమారు 70 నానోమీటర్ల మూట తయారుచేశారు. దానికి ట్రాన్స్‌ఫెరిన్ చిరునామా తగిలించారు. లోపల పెట్టిన మందు, డిఎన్‌ఏ తయారీకి కావలసిన ఒక ప్రొటీన్ చీటీని చింపేది. 2008లో మొదటి రోగికి ఎక్కించారు. 2010లో ఫలితాలు అచ్చయ్యాయి. చర్మక్యాన్సర్ రోగుల కణితుల ముక్కలు తీసి చూస్తే అందులో మూటలు కనిపించాయి. ఒక రోగి కణితిలో చీటీ సరిగ్గా అనుకున్న అక్షరం దగ్గరే తెగి ఉంది. రక్తంలోకి ఎక్కించిన మూట మనిషి కణితిలోకి చేరి చీటీని కత్తిరించగలదని తెలియడం అదే మొదటిసారి.

ఆ రోగుల జబ్బు నయమైందా? లేదు. ఆ పరీక్ష మొదటి దశ దగ్గరే ఆగిపోయింది. అది సాధ్యమేనన్న రుజువు మాత్రం మిగిలింది.

ఆ తరువాత గెలుపు వేరే చోట వచ్చింది. రక్తంలోకి వెళ్ళిన కొవ్వు మూటలకు అపోఇ అనే ప్రొటీన్ అంటుకుంటుంది. కాలేయ కణాలు దాన్ని గుర్తుపట్టి మూటను లోపలికి లాక్కుంటాయి. అంటే కాలేయానికి చిరునామా రాయకపోయినా ఉత్తరం చేరుతుంది! ఆ దారినే వాడుకుని, వంశపారంపర్యంగా వచ్చే ఒక నరాల జబ్బుకు పాటిసిరాన్ అనే మందు వచ్చింది. 2018 ఆగస్టులో ఎఫ్‌డిఎ దాన్ని ఆమోదించింది. చీటీ చింపే మందుల్లో అదే మొదటిది. ఆ తరువాత కొలెస్ట్రాల్ తగ్గించే ఇన్‌క్లిసిరాన్ లాంటివి వచ్చాయి. వాటికి మూట కూడా లేదు, కాలేయ కణాలు పట్టుకునే చక్కెర తోక ఒకటి తగిలించారు. 2020 డిసెంబరు నుంచి మనలో చాలామంది వేయించుకున్న కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు కూడా ఈ కొవ్వు మూటల కుటుంబానివే. కాకపోతే అందులో చీటీ చింపే ముక్క ఉండదు, కొత్త చీటీ ఉంటుంది.

కణితుల మీద ప్రయత్నాలు ఆగలేదు. కాలేయంలో కణితులున్నవారికి రెండు జన్యువుల చీటీలను ఒకేసారి చింపే కొవ్వు మూటలు ఇచ్చారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో, గర్భాశయ క్యాన్సర్ కాలేయానికి పాకిన ఒక రోగిలో ఆ గడ్డలు పూర్తిగా కరిగిపోయాయి. చాలామందిలో అలా జరగలేదు. చికాగో దగ్గరి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో బంగారు రేణువుల చుట్టూ ఆర్‌ఎన్‌ఏని ముళ్ళపందిలా నిలబెట్టి, మెదడు క్యాన్సర్ ఉన్న 8 మందికి ఇచ్చారు. బంగారం మెదడులోని కణితి దాకా చేరిందని 2021లో తెలిపారు. మన ఇళ్ళలో బంగారం బీరువాలో దాగుతుంది, అక్కడ కణితిలోకి వెళ్ళి పని వెతుక్కుంది! హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్‌లో, కణాలు తమంతట తాము విడుదల చేసే ఎక్సోసోములు అనే సహజమైన బుడగల్లో కెరాస్ చీటీ చింపే మందు నింపి, క్లోమ క్యాన్సర్ రోగులలో 2021లో పరీక్ష మొదలుపెట్టారు.

మరి ఇండియా ఫోనుకు ఏం చెప్పాలి?

ఇంతవరకు చదివారు కాబట్టి జవాబు మీకే తెలిసి ఉంటుంది. ఈ వ్యాసం రాసే నాటికి, కణితిలోని జన్యువు చీటీని ఇలా చింపే నానో మందు ఏదీ ఎఫ్‌డిఎ ఆమోదం పొందలేదు. పరీక్షల్లో మాత్రం ఉన్నాయి. మామూలు కీమో మందునే నానో మూటలో పెట్టి ఇచ్చేవి వేరు. 1995లో ఆమోదం పొందిన డాక్సిల్, 2005లో వచ్చిన అబ్రాక్సేన్ అలాంటివి. ఊళ్ళో డాక్టరుగారు "నానో మందు రాశాను" అంటే బహుశా వీటి గురించే అయి ఉంటుంది. రెండింటినీ కలిపేసుకోకూడదు.

ఎవరైనా "జన్యువును ఆపే నానో చికిత్స" అని ఆశ పెడితే ఈ నాలుగు ప్రశ్నలు వేయండి:

1. ఈ మందుకు ఏ దేశంలో ఆమోదం ఉంది, ఏ రకం క్యాన్సర్‌కు ఉంది?
2. పరీక్షలో ఉన్నదైతే ఎన్నో దశ? మొదటి దశ పరీక్ష ముఖ్యంగా మందు ఎంత మోతాదులో భద్రమో తెలుసుకోవడానికి. నయం చేస్తుందన్న హామీ అందులో ఉండదు.
3. ఆ పరీక్ష ప్రభుత్వ జాబితాలో నమోదైందా? అమెరికాలో క్లినికల్ ట్రయల్స్ డాట్ గవ్, ఇండియాలో సిటిఆర్ఐ చూస్తే ఎవరైనా వెతుక్కోవచ్చు.
4. డబ్బు ఎంత అడుగుతున్నారు? ఆమోదం లేని మందుకు లక్షలు కట్టమంటే అక్కడే ఆగి, రోగిని చూస్తున్న క్యాన్సర్ డాక్టరును అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం, కొత్త మందు కోసం ఎదురుచూస్తూ ఇప్పుడు దొరికే చికిత్స ఆపవద్దని చెప్పండి. ఆపరేషను, రేడియేషను, కీమో వేళకు జరిగితే బతికి బట్టకట్టేవాళ్ళు ఎందరో ఉన్నారు. వేళ దాటితే తరువాత ఏ మందు వచ్చినా లాభం ఉండదు. ఈ మాట ఫోనులో చెప్పడం కష్టమే. అయినా పెద్దనాన్నకు మనం చేయగలిగిన అసలు సాయం ఇదే.

పిల్లలకు పని

ఈ వ్యాసంలోని సంగతిని మీ తాతయ్యకో అమ్మమ్మకో తెలుగులో ఐదు నిమిషాల్లో చెప్పండి. మాటలు గుర్తు లేకపోతే ఇవిగో:

కణం – సెల్
కణితి – ట్యూమర్
జన్యువు – జీన్
క్లోమం – పాంక్రియాస్
కాలేయం – లివర్
ప్లీహం – స్ప్లీన్
మూత్రపిండం – కిడ్నీ
ధనావేశం, రుణావేశం – పాజిటివ్ చార్జ్, నెగటివ్ చార్జ్
తిత్తి – చిన్న సంచి. కణం లోపలి ఈ సంచిని ఎండోసోమ్ అంటారు

ఒక చిక్కు లెక్క కూడా. చీటీలో అక్షరాలు ఇలా ఉన్నాయి: ఎ యు జి జి సి ఎ యు. ఒక్కొక్క అక్షరం కింద దాని జత అక్షరం రాయండి. ఎ కి యు, జి కి సి అని మరిచిపోకండి. మీరు రాసిన ఆ వరుసే కత్తెరకు నమూనా.

జవాబు: యు ఎ సి సి జి యు ఎ.

సరిగ్గా వచ్చిందా? అయితే చీటీ చింపే మాట మీరు రాసేశారు. ఇక దాన్ని కణితి దాకా మోసుకెళ్ళే మంచి మూట కావాలి. అది ఇంకా ఎవరికీ పూర్తిగా కుదరలేదు కనుక, పెద్దయ్యాక మీలో ఎవరికైనా ఆ పని చేసే అవకాశం ఉంది.